కంటిలో మూడో సాలు

అనంతపురం

చిన్నోడికి, పాపకు తాత ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "మా క్లాసులో ఒకడు చెట్టు బొమ్మకు ఆకులన్నీ మట్టిరంగు వేశాడు, అందరూ నవ్వినారు. వాడికి రంగులు సరిగా తెలీవంట. ఆపరేషన్ చేస్తే తెలుస్తాయా తాతా?" అని అడిగినారు. మీరు కూడా నవ్వింటే రేపే వాడి పక్కన కూర్చోండి. తర్వాత ఇది చదవండి.

కంటి వెనక రెటీనా అని పల్చటి పొర ఉంటుంది. దాన్ని మన చెనక్కాయ చేను అనుకోండి. చెనక్కాయల మధ్య కంది సాళ్ళు, అక్కడక్కడ అలసంద. కంటి చేనులోనూ రంగుల కోసం మూడు పంటలు, అంటే మూడు రకాల కణాలున్నాయి. చెనక్కాయ ఆకుపచ్చను పట్టుకుంటుంది, కంది ఎరుపును, అలసంద నీలాన్ని. అలసంద చానా తక్కువ. ఈ మూడింటి లెక్క కలిపి మెదడు రంగు చెబుతుంది. కొందరికి పుట్టుకతోనే కంది విత్తనం ఉండదు. అట్లని సాలు ఖాళీగా పోదు, అక్కడ కూడా చెనక్కాయే మొలుస్తుంది. దూరం నుంచి చూస్తే చేను నిండుగానే ఉంటుంది. అందుకే ఆ మనిషికి చూపు బాగుంటుంది, అక్షరాలు చదువుతాడు, నీలం పసుపు చెబుతాడు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా దగ్గరే తడబడతాడు.

ఇంకొందరికి చెనక్కాయ విత్తనం ఉండదు, వాళ్ళకూ ఇదే తడబాటు. ఎరుపు, ఆకుపచ్చ విత్తనాలు రెండూ ఎక్స్ క్రోమోజోము అనే మూటలో వస్తాయి. ఆడపిల్లకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు మూటలు. ఒకదాంట్లో లేకున్నా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లోడికి అమ్మ ఇచ్చిన ఒక్క మూటే. అందుకే ఈ ఇబ్బంది మగవాళ్ళలోనే ఎక్కువ.

మా చిన్నమామకు ఇదే ఉండేది. విడపనకల్లు వైపు వాళ్ళకు మిరప చేను. పండుకాయ కోతకు నన్నూ తీసుకుపోయేవాడు. నేను ఎర్రగా కనబడింది తెంపుకుంటూ పోతుంటే, ఆయన ప్రతి కాయనూ తొడిమ కింద బొటనవేలితో నొక్కి చూసేవాడు. మెత్తగా దిగితే పండు, బిరుసుగా ఉంటే పచ్చి. ఆయన గంపలో ఒక్క పచ్చికాయ కూడా ఉండేది కాదు. అది పనితనం అనుకున్నాం. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. రైలు నడిపే ఉద్యోగానికి పోతే, డాక్టరు చుక్కల పుస్తకం ముందు పెట్టినాడంట. జపాన్ డాక్టరు ఇషిహారా 1917లో అచ్చేసిన పరీక్ష అది. చుక్కల మధ్య అంకె మామకు కనబడలేదు. ఉద్యోగం రాలేదు. ఇరవై ఏళ్ళు దాటినాక తెలిసిందే అని ఆయన బాధ. బడిలో ఉన్నప్పుడే ఒకసారి పరీక్ష చేయిస్తే ఎంత మేలో చూడండి.

ఇక మీ ప్రశ్న. దక్షిణ అమెరికాలో ఉడుత కోతులని చిన్న కోతులున్నాయి. వాటిలో మగవాటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. అమెరికాలో జే నైట్జ్, మౌరీన్ నైట్జ్ అనే భార్యాభర్తలూ, వాళ్ళతో పనిచేసినవాళ్ళూ డాల్టన్, శామ్ అనే రెండు కోతులకు కంది విత్తనం అందించినారు. అంటే మనిషి కంట్లో ఎరుపును పట్టుకునే జన్యువు. చేను మధ్యలోకి విత్తనం మోసుకుపోయే కూలీ కావాలి కదా? జబ్బు తేని ఏఏవీ అనే వైరస్‌ను తీసుకుని, దాని సొంత సరుకు తీసేసి, ఒడిలో ఈ విత్తనం పోసి, సూదితో రెటీనా కిందికి పంపినారు. విత్తనం వేసిన రోజే మొలక రాదు. వారాలు గడిచినాయి. కోతుల ముందు తెరమీద బూడిదరంగు చుక్కలు, వాటి మధ్య రంగు చుక్కలు. సరిగా తాకితే ద్రాక్షరసం. సుమారు 20 వారాలకు, అంతకు ముందు కనబడని రంగులను తాకడం మొదలుపెట్టినాయి! ఈ సంగతి 2009లో బయటికి వచ్చింది.

పుట్టినప్పటి నుంచి ఆ తేడా ఎరగని మెదడు, కొత్త పంట రాగానే దాన్ని ఎట్లా గుర్తుపట్టింది? నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ కోతికి డాల్టన్ పేరు ఎందుకంటే, తన కంటికి ఈ తేడా ఉందని 1794లోనే వివరంగా చెప్పిన శాస్త్రవేత్త జాన్ డాల్టన్. చనిపోయాక తన కళ్ళు పరీక్షించమన్నాడు. దాచి ఉంచిన ఆ కంటిని 1995లో జన్యుపరీక్ష చేస్తే, ఆకుపచ్చ విత్తనం లేదని తేలింది.

మనుషుల సంగతికొస్తే, అసలు రంగులే తెలియక, ఎండ చూడలేక, చూపు కూడా మసకగా ఉండే అరుదైన జబ్బు ఒకటుంది. దానికి జర్మనీలో తొమ్మిది మందికి ఇట్లాంటి వైద్యం చేసి చూసినారు. హాని పెద్దగా జరగలేదు, చూపు కొంచెం మెరుగైంది. మీ ఫ్రెండుకున్న తేడాకు మాత్రం ఇంకా ఆమోదం పొందిన వైద్యం లేదు. రంగు అద్దాల కళ్ళజోడు కొన్ని తేడాలు కొట్టొచ్చినట్టు చూపిస్తుందే గానీ, లేని పంటను మొలిపించదు. కాబట్టి నయం చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, మంచి కంటి డాక్టరును కలవకుండా ఇవ్వొద్దని వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పండి.

ఒక పని చేయండి. సాయంత్రం పెరట్లో ఎర్ర మందారం దగ్గర నిలబడండి, లైటు వేయొద్దు. చీకటి పడేకొద్దీ ముందు నల్లబడేది పువ్వా, ఆకులా? ఆ ఫ్రెండునూ పిలవండి. ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోకుండా కాగితం మీద విడివిడిగా రాసి, మూడూ నాకు పంపండి.

మీ తాత