కార్బన్ ప్లేట్ షూ: ఆ నాలుగు శాతం ఎక్కడ పుట్టింది?

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. ఆ తేదీ ముంచుకొచ్చేకొద్దీ మా రన్నింగ్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "అన్నా, హాఫ్ మారథాన్‌కి కార్బన్ ప్లేట్ షూ కొనమంటారా?" అడుగున గట్టి కార్బన్ పలక దాచిన రేసింగ్ షూ అది, ఇరవై వేలకు అటూ ఇటూ పలుకుతుంది. వేసుకుంటే నాలుగు శాతం వేగం పెరుగుతుందని ఎవరో చెప్పి ఉంటారు, కొనకపోతే వెనకబడిపోతామేమోనని టెన్షన్. కొనమనో వద్దనో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు గానీ, ఆ నాలుగు శాతం ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎవరి జవాబు వాళ్లకే దొరుకుతుంది.

ప్లేటు ఆలోచన కొత్తదేం కాదు. పరిగెత్తేటప్పుడు కాలివేళ్ల మొదట్లో పాదం వంగుతుంది కదా, అక్కడ ఎంత శక్తి వృథా అవుతుందో కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో డారెన్ స్టెఫానిషిన్, బెన్నో నిగ్ 1997లోనే లెక్కగట్టారు. షూ అడుగున గట్టి కార్బన్ ప్లేటు పెట్టి ఆ వంపును తగ్గిస్తే సుమారు ఒక శాతం శక్తి ఆదా అవుతుందని 2006లో అచ్చైన స్టెఫానిషిన్ పరిశోధన చెప్పింది. ఒక శాతమే. దాంతో రోడ్డు రేసులేమీ తలకిందులు కాలేదు.

తలకిందులు చేసింది ఫోమ్, అంటే సోల్‌లోని మెత్తటి పొర. అప్పటిదాకా రేసింగ్ షూ అంటే పల్చటి అడుగు, తక్కువ బరువు. మెత్తదనం కావాలంటే బరువు మొయ్యాల్సిందే. పెబాక్స్ అనే పదార్థంతో చేసిన ఫోమ్ ఆ లెక్క మార్చేసింది. అది ఎంత తేలికంటే, సోల్ మందం బాగా పెంచినా కాలికి బరువు తెలియదు. 2016 రియో ఒలింపిక్స్ మారథాన్‌లో పతకాలు తీసుకున్న కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే, ఇథియోపియా లిలెసా, అమెరికా రప్ ముగ్గురి కాళ్లకూ అప్పటికి మార్కెట్లోకి రాని నైకీ నమూనా షూలే ఉన్నాయని తర్వాత బయటపడింది. 2017 మే 6న ఇటలీలోని మోంజా రేస్ ట్రాక్ మీద కిప్చోగే ఇలాంటి షూతోనే 2:00:25కి, అంటే రెండు గంటల ఇరవై ఐదు సెకన్లకి, మారథాన్ దూరం పూర్తిచేశాడు. ఆ ఏడాదే ఈ ఫోమ్, కార్బన్ ప్లేటు రెండూ ఉన్న నైకీ 'వేపర్‌ఫ్లై 4%' అమ్మకానికి వచ్చింది. శాతాన్ని ఏకంగా షూ పేరులోనే పెట్టేశారు!

అసలు ఆ అంకె వచ్చింది కొలరాడో యూనివర్సిటీ ల్యాబ్ నుంచి. పరిశోధనకు డబ్బు నైకీదే. పరిగెత్తినవాళ్లు 18 మంది, అందరూ పది కిలోమీటర్లని 31 నిమిషాలకు అటూ ఇటూగా కొట్టగలిగే గట్టివాళ్లు. ట్రెడ్‌మిల్ మీద గంటకు 14, 16, 18 కిలోమీటర్ల వేగంతో ఐదేసి నిమిషాలు పరిగెత్తించి, పీల్చే ఆక్సిజన్ కొలిచారు. తేలికగా ఉండటం వల్ల కలిసొచ్చే లాభం లెక్కలో కలవకూడదని తేలిక షూలకు సీసం గుళ్లు కట్టి మరీ బరువు సమం చేశారు. ఆ జాగ్రత్త చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అప్పటి మిగతా రేసింగ్ షూలతో పోలిస్తే సగటున నాలుగు శాతం శక్తి ఆదా అయింది. గమనించండి, అది శక్తి. గడియారంలో నాలుగు శాతం కాదు, ఎందుకంటే ఆ వేగాల్లో కాస్త పెంచాలన్నా గాలిని చీల్చుకుంటూ అంతకంటే ఎక్కువ ఖర్చుపెట్టాలి.

మరి ఆ నాలుగు శాతంలో ప్లేటు వాటా ఎంత? దీనికి చాలా సూటిగా ఉన్న ప్రయోగం ఒకటుంది. మసాచుసెట్స్ యూనివర్సిటీలో హీలీ, హూగ్‌కామర్ వేపర్‌ఫ్లై ముందు భాగంలో ప్లేటును ఆరుచోట్ల అడ్డంగా కోసేసి పరిగెత్తించారు. తేడా అర శాతానికి కాస్త ఎక్కువ, అదీ గట్టిగా చెప్పలేనంత చిన్నది. మీకు ఎప్పుడైనా ఈ షూ చేతికొస్తే వేళ్ల దగ్గర వంచి చూడండి, మొండికేస్తుంది. అదే మడమ దగ్గర బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి, వేలు తీసేలోపే పైకి లేస్తుంది. మనం డబ్బు పెట్టేది ముఖ్యంగా ఆ లేవడానికి. అందుకే 'కార్బన్ ప్లేట్ ఉంది' అన్న ఒక్క మాట చూసి కొనొద్దంటాను. మామూలు ఫోమ్ మధ్యలో ప్లేటు దూర్చి అమ్మే షూలు కూడా ఉన్నాయి.

తర్వాతి కథ చకచకా నడిచింది. 2019 అక్టోబర్ 12న వియన్నాలో కిప్చోగే మారథాన్ దూరాన్ని 1:59:40కి, మర్నాడే షికాగో మహిళల మారథాన్‌లో బ్రిగిడ్ కోస్గీ 2:14:04కి పూర్తిచేశారు. పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో పెట్టిన 2:15:25 మహిళల ప్రపంచ రికార్డు అలా పోయింది. 2020 జనవరి 31న ఈ పోటీల నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ హద్దు గీసింది: సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, ప్లేటు ఒకటికి మించకూడదు. 2021 వియన్నా మారథాన్‌లో ముందుగా గీత దాటిన డెరారా హురిసా ఆ మందం దగ్గరే దొరికిపోయి గెలుపు పోగొట్టుకున్నాడు.

ఇక మన సంగతి. గంటకు 12 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు ఐదు నిమిషాల పేస్‌లో ఇలాంటి షూతో శక్తి ఆదా సగటున 1.4 శాతం, ఆరు నిమిషాల పేస్‌లో 0.9 శాతం అని 2023లో డస్టిన్ జూబెర్ బృందం చూపించింది. రెండు గంటల ఆరు నిమిషాల హాఫ్‌లో అది సుమారు ఒక నిమిషం. పైగా ఇది సగటే. అదే ఏడాది ప్రపంచ స్థాయి కెన్యా రన్నర్ల మీద చేసిన పరీక్షలో ఒకరికి 11 శాతం పైగా లాభం వస్తే ఇంకొకరికి అంతే నష్టం వచ్చింది. ఈ షూలు వాడి, పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముకకు ఒత్తిడి గాయాలైన ఐదుగురు రన్నర్ల కేసుల్ని కూడా అప్పుడే డాక్టర్లు రాశారు. కేసులు ఐదే, దాన్నిబట్టి షూనే కారణమని తీర్పు చెప్పలేం. కానీ అలవాటు లేని కాలికి ఒక్కసారిగా వేసుకుని 21 కిలోమీటర్లు పరిగెత్తకూడదని నేను గట్టిగా నమ్ముతాను. నా మొదటి జతతో నెక్లెస్ రోడ్డులో యూటర్న్ దగ్గర మడమ పక్కకు ఒరిగి రెండు వారాలు నడకతోనే సరిపెట్టుకున్నాను. ఎత్తయిన మెత్తటి సోల్ మలుపుల్లో నిలకడగా ఉండదు.

ఇంకో మాట. మన దేశపు రన్నర్ శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2:12:00కి మారథాన్ పరిగెత్తాడు. షూ లేకుండా పరిగెత్తుతాడని పేరున్న మనిషి. ఈ షూలు బజారులోకి వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఆ జాతీయ రికార్డు అలాగే నిలిచింది.

మొన్న అడిగిన తమ్ముడికి చెప్పింది ఇదే: కొనేముందు ఎవరిదైనా జత అడిగి తీసుకో, ఒకే రోడ్డు మీద ఒకే పేస్‌లో, రెండు కిలోమీటర్లు నీ మామూలు షూతో, రెండు ఈ షూతో, మళ్లీ మళ్లీ మార్చి పరిగెత్తి హార్ట్ రేట్ రాసుకో. మర్నాడు పిక్కలు, పాదం ఎలా ఉన్నాయో చూసుకో. నా పాత జత సైజు తొమ్మిది, ఆదివారం పొద్దున ఐదున్నరకి పీపుల్స్ ప్లాజా దగ్గరికి తెస్తాను.