కోడి కింద బాతు గుడ్లు

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నది అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "తాతయ్యా, అరాలే మరబొమ్మ. గచ్చన్ గుడ్డులోంచి వచ్చింది. మరి వాళ్లు సెన్బే పిల్లలెలా అవుతారు?"

పెద్దాడు ఆ కథ చదవలేదన్నాడు కాబట్టి వాడి కోసం చెబుతాను. అది 'డాక్టర్ స్లంప్' అనే జపాన్ బొమ్మల కథ. అకిరా తొరియామా 1980 నుంచి 1984 దాకా ఒక వారపత్రికలో గీశారు. పెంగ్విన్ గ్రామంలో సెన్బే నోరిమాకి అనే ఆయన అచ్చం ఆడపిల్లలా ఉండే మరబొమ్మను చేస్తాడు. అదే అరాలే. ఒక్క గుద్దుతో భూమిని రెండు చెక్కలు చేయగలదు, కళ్లజోడు లేకపోతే మాత్రం చూపానదు! తర్వాత వాళ్లు ఆదిమకాలానికి వెళ్లి తెచ్చిన గుడ్డు పగిలి, రెక్కలున్న గచ్చన్ పుడుతుంది. ఇనుప సామాన్లు కూడా నమిలేస్తుంది. సెన్బే, అరాలే రెండూ అక్కడ బియ్యంతో చేసే చిరుతిళ్ల పేర్లే. మన ఇళ్లలో ఒకరికి జంతిక, ఇంకొకరికి చేగోడి అని పెట్టినట్టు. కన్న సంబంధం లేకపోయినా ఒకే డబ్బాలోవాళ్లు.

నా ఎనిమిదో ఏట మా అమ్మమ్మ పొదుగుకొచ్చిన కోడి కింద ఐదు బాతు గుడ్లు పెట్టింది. కోడిగుడ్డయితే 21 రోజులకు పిల్లవుతుంది. బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది. తన లెక్క దాటి వారమైనా ఆ కోడి గంప వదల్లేదు. నేను బడి నుంచి రాగానే దాని ముందు నూకలు పోసి కూర్చునేవాణ్ణి.

పిల్లలైతే వచ్చాయి గానీ, చెరువు కనపడగానే బిలబిలా నీళ్లలోకి దిగిపోయాయి. కోడి గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తుతూ ఒకటే అరుపు. సాయంత్రం అవి తడి ఒంటితో వస్తే అలాగే రెక్కల కింద పెట్టుకుంది. నాలుగైదు రోజులకు అరవడం మానేసింది. గట్టు మీద మట్టి గీరుకుంటూ వాటి కోసం కాచుకునేది.

సెన్బే కూడా అంతే. గుడ్డులో ఏముందో తెలియకుండానే తెచ్చాడు, వచ్చినదాన్ని ఉంచుకున్నాడు. అరాలే గుడ్డు కూడా కాదు, మరలు కదా అంటారేమో. కోడి ఆ లెక్కలు చూడలేదమ్మా. మీ తరగతిలో పెంపుడు పిల్లలెవరైనా ఉంటే "మీ అసలు అమ్మ ఎవరు" అని మాత్రం అడగకండి.

ఎదురింటి అత్త నిన్ననే కోడి కింద బాతు గుడ్లు పెట్టింది. దసరాకు మీరొచ్చేసరికి పిల్లలు నీళ్లకు దిగే వేళవుతుంది. పొద్దున్నే లేచి చెరువు దగ్గరికి వెళ్లండి. కాసేపు బాతు పిల్లల్ని వదిలేసి, గట్టు మీద కోడిని చూడండి.

మీ తాతయ్య