స్పెషల్ టీచర్లకు బడిలో పోస్టు ఎందుకు లేకపోయింది

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ పోస్టులు ఎన్ని కావాలో మూడు వారాల్లో తేల్చి ప్రకటించాలని సుప్రీంకోర్టు 2025 మార్చి 7న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. దాంతో తెలుగు రాష్ట్రాల్లో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఆ పోస్టులు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద ఆ పిల్లలకు చెబుతున్న ఐఈఆర్పీలకు (సహిత విద్య రిసోర్స్ పర్సన్లకు) ఇవ్వాలా, డీఎస్సీ పెట్టి కొత్తవారితో నింపాలా? ఈ కాంట్రాక్టు పద్ధతిని నడిపిన కేంద్ర పథకం సర్వశిక్షా అభియాన్ సంగతులు అందరికీ తెలిసినవే. చిక్కుముడి మాత్రం అంతకుముందే పడింది.

1992లో పార్లమెంటు వికలాంగుల కోసం పనిచేసే నిపుణుల శిక్షణను చూసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం చేసింది. మరుసటి ఏడాది ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) చట్టం వచ్చింది. మామూలు టీచర్ల శిక్షణ ఎన్‌సీటీఈ చేతికి, అంటే విద్యాశాఖ వైపు వెళ్లింది. వికలాంగ పిల్లలకు బోధించేవారి శిక్షణ రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కు, అంటే సంక్షేమ శాఖ వైపు వెళ్లింది. ఉద్దేశం మంచిదే. శిక్షణ లేనివారు ఆ పిల్లల జోలికి రాకూడదని, కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా పనిచేస్తే శిక్ష ఉంటుందని కూడా చట్టంలో రాశారు. కానీ స్కూలు నడిపేది విద్యాశాఖ. పోస్టులు మంజూరు చేసేదీ, డీఎస్సీ పెట్టేదీ అదే. వేరే శాఖ సర్టిఫికెట్ పట్టుకొచ్చిన టీచర్‌కు దాని రికార్డుల్లో చోటు లేకుండా పోయింది.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు, గణితానికి ఒక టీచర్ ఉండాలని అందులో ఉంది. భాషలకూ సాంఘిక శాస్త్రానికీ ఉంది. డ్రాయింగుకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ వాళ్లయినా ఉండాలంది. స్పెషల్ టీచర్ మాట మాత్రం 2022లో షెడ్యూలును సవరించేదాకా లేదు. 2010 ఆగస్టులో ఎన్‌సీటీఈ ఇచ్చిన అర్హతల నోటిఫికేషన్‌లో స్పెషల్ డీఎడ్, స్పెషల్ బీఎడ్ కనిపిస్తాయి. అయితే అది మామూలు టీచర్‌గా చేరడానికి. చేరాక ఆరు నెలల శిక్షణ అదనంగా పొందాలి. నేర్చుకున్న పని చేయడానికే పోస్టు లేదు.

మరి ఆ పిల్లలకు ఇన్నాళ్లూ ఎవరు చెప్పారు? సర్వశిక్షా అభియాన్‌లో సహిత విద్యకు, అంటే ఈ పిల్లలను మామూలు బడిలోనే చదివించడానికి, పిల్లవాడికి ఏడాదికి ఇంత అని నిధులు లెక్కగట్టారు. మొదట 1,200 రూపాయలు, తర్వాత 3,000. ఆ మూడు వేలలో కనీసం వెయ్యి రిసోర్స్ టీచర్ల కోసం ఖర్చు పెట్టాలన్నారు. అంటే టీచర్ జీతం ఒక పోస్టుకు కాక పిల్లల తలసరి నిధికి ముడిపడింది. కాంట్రాక్టు పద్ధతి అలా స్థిరపడిపోయింది. ఐఈఆర్పీకి తనదంటూ ఒక బడి లేదు. ఈ పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రంలో కూర్చుంటారు, బడులు తిరుగుతారు, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపులకు తల్లిదండ్రులను వెంటబెట్టుకుపోతారు. ఈలోగా 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. లెక్కల్లో మొద్దు అని వెనక బెంచీకి నెట్టేసిన పిల్లల్లో కొందరికి ఉన్నది డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు పట్టుబడని అభ్యాస వైకల్యం) అని గుర్తించాల్సిన బాధ్యత వచ్చింది. పని పెరిగినా ఆ చేసే మనుషుల హోదా మాత్రం మారలేదు.

రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు దీన్ని సూటిగా పట్టుకుంది. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు రెగ్యులర్ టీచర్ ఉండాలంది. బడులు తిరిగే టీచర్లు తాత్కాలిక ఏర్పాటు మాత్రమేనంది. మన దగ్గర రెండు దశాబ్దాలుగా నడిచింది ఆ తాత్కాలిక ఏర్పాటే.

తర్వాత కదలిక వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 796 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు సృష్టించింది. వాటిలో 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్. స్పెషల్ డీఎడ్, బీఎడ్ చేసి ఎదురుచూస్తున్న యువత పోటీ పరీక్షే న్యాయమంటోంది. వారి ఆందోళన కాదనలేనిది.

కానీ నలభై దాటిన ఐఈఆర్పీ అడిగేదానికి బరువు ఎక్కువ. పోస్టే లేని కాలంలో ఆ పని మోసింది తామేనని, ఇప్పుడు కుర్రవాళ్లతో కలిసి పరీక్ష రాయమనడం ఏమిటని వారు అడుగుతున్నారు. 2025 తీర్పు ఈ ప్రశ్నను వదిలేయలేదు. కొన్ని రాష్ట్రాల్లో ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నవారున్నారని గుర్తించింది. దివ్యాంగుల కమిషనర్, విద్యాశాఖ కార్యదర్శి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ప్రతినిధి ఉండే స్క్రీనింగ్ కమిటీ వారి అర్హతలు పరిశీలించాలని, తగినవారికి రెగ్యులర్ స్కేలు ఇవ్వాలని, వయోపరిమితి సడలించాలని చెప్పింది. మిగతా ఖాళీలకు బహిరంగ ప్రకటన ఇవ్వాలంది. ముందు స్క్రీనింగ్ పూర్తి చేసి, ఆ తర్వాత మిగిలిన పోస్టులు లెక్కగట్టి డీఎస్సీకి పంపితే రెండు వర్గాలూ ఒకే పోస్టు కోసం తలపడే అవసరం చాలావరకు తప్పుతుంది.