‘చిన్నపిల్లవాడు, వాడికేం తెలుసు?’: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: పిల్లవాడు రెండు రోజుల్లో మరిచిపోతాడు.

పిల్లల మానసిక నిపుణురాలిగా నేను ఎక్కువగా వినే మాట ఇదే, పిల్లలకు ఎక్కువ చేటు చేసేదీ ఇదే. ఇంట్లో మరణం సంభవించిన తరువాత పిల్లవాడు ఏడవకుండా ఆడుకుంటూ ఉంటే, వాడికి ఏమీ తెలియలేదని పెద్దలు ఊరట పడతారు. కానీ రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు తాము అనుకున్నదే జరుగుతుందని తేలికగా నమ్ముతారు. ఈ సంగతిని స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే 1920లలోనే వివరించాడు. కోరుకుంటే సైకిలు వస్తుందని నమ్మే మనసే, కోపంలో తిడితే మనిషి పోతాడనీ నమ్ముతుంది. మొదటిదాన్ని చూసి మురిసిపోయే మనం రెండోదాని గురించి అడగనైనా అడగము.

ఒకసారి అయిదేళ్ల బాబును తీసుకువచ్చారు. తాతయ్య గుండెపోటుతో పోయిన నాటినుంచి వాడు రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు, పొద్దు వాలితే నోరు విప్పడం లేదు. గాలి సోకిందని ఎవరో అంటే తాయెత్తు కట్టించారు. తాయెత్తుకు నేను అడ్డు చెప్పను. అది కట్టాం కదా అని పిల్లవాడితో మాట్లాడడం మానేస్తేనే నాకు విసుగు వస్తుంది. ఆ బాబు అరచేత్తో నోరు మూసుకుని, వేళ్ల సందులోంచి అడిగిన మొదటి ప్రశ్న “ఇప్పుడు సాయంత్రమా?” అని. మూడోసారి వచ్చినప్పుడుగానీ సంగతి బయటపడలేదు. ఫోను లాక్కున్నందుకు వాడు తాతయ్యను “నువ్వు చచ్చిపో” అన్నాడు. “సంధ్యవేళ అలా అనకూడదు నాన్నా, తథాస్తు దేవతలుంటారు” అని నాయనమ్మ మందలించింది. నాలుగో రోజున తాతయ్య పోయాడు. మన ఇళ్లలో అందరూ అనే మాటే ఆవిడా అన్నది, ఆవిడను తప్పుపట్టలేను.

ఇలాంటి బెంగను పిల్లవాడు తనంతట తాను చెప్పడు కనుక, అడగకపోయినా మనమే చెప్పాలి: “తాతయ్య గుండె జబ్బుతో ఆగిపోయింది. నువ్వు అన్న మాటకు గుండె ఆగదు. నీకు కోపం వచ్చింది, అంతే.” ఒక్కసారి చెబితే చాలదు. ఆ బాబూ నేనూ బల్లమీది ప్లాస్టిక్ గ్లాసును “పడిపో, పడిపో” అని గట్టిగా తిట్టాము, అది కదలలేదు. సాయంత్రం కాదు కదా అని వాడు నన్ను అనుమానంగా చూశాడు. ఇంట్లో దీపం పెట్టే వేళ మళ్లీ అదే చేయమని తల్లికి చెప్పాను. ఆమె వారం రోజులు చేసింది.

అపోహ: “తాతయ్య నిద్రపోయాడు” అంటే పిల్లలు భయపడరు.

నిద్రంటేనే భయపడతారు. “చనిపోయాడు, ఇక తిరిగి రాడు” అని చెప్పండి.

అపోహ: మాయలు నమ్మే పిల్లలకు ఏది నిజమో తెలియదు.

ఖాళీ పెట్టెలో రాక్షసి ఉన్నట్టు ఊహించుకోమని చెప్పి, 1991లో మనస్తత్వవేత్త పాల్ హారిస్ బృందం పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. అది ఉత్తి ఊహేనని చెప్పిన పిల్లల్లోనే కొందరు, ఒంటరిగా వదిలినప్పుడు పెట్టెను తడిమి చూశారు. తెలియడం వేరు, “ఏమో, ఉందేమో” అనిపించడం వేరు. పుస్తకంలో దాచిన నెమలీక పిల్లలు పెడుతుందని నేను మూడో తరగతి దాకా దానికి పెన్సిలు పొట్టు మేత వేశాను. లెక్కల్లో మార్కులు మాత్రం బాగానే వచ్చేవి.

అపోహ: కనిపించని నేస్తంతో మాట్లాడితే దయ్యం పట్టినట్టు.

కాదు. అమెరికాలో 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏడేళ్లు వచ్చేలోపు 65 శాతం పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు అలాంటి నేస్తం ఉన్నట్టు తేలింది. భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తకండి. ఆ నేస్తం తిట్టమంటోందని, కొట్టమంటోందని పిల్లవాడు బెదిరిపోతున్నా, ఏ భయం వల్లనైనా తిండి, నిద్ర, బడి వారాల తరబడి చెడిపోతున్నా నిపుణులకు చూపించండి. వచ్చేటప్పుడు, ఈ మధ్య ఇంట్లో ఎవరు జబ్బుపడ్డారో, ఎవరు దూరమయ్యారో, పిల్లవాడు కోపంలో ఎవరిని ఏమన్నాడో గుర్తు చేసుకుని రండి.