శిస్తు లెక్కల్లో, కోర్టు దావాల్లో మన ముత్తాతలు: నేను రోజూ వినే అపోహలు - వాస్తవాలు

చెన్నైలో తెలుగు కుటుంబాలకి వంశవృక్షాలు కట్టిపెట్టడం నా పని, పాత సర్కారు రికార్డులుండే ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో కూర్చునే రోజులే ఎక్కువ. 1953 దాకా కోస్తా, సీమ జిల్లాలన్నీ మద్రాసు కిందే ఉండేవి కదా, అందుకే పెరంబూర్ నుంచో టి.నగర్ నుంచో ఎవరో ఒకరు తాతగారి కాగితాల కట్ట పట్టుకొని వస్తూనే ఉంటారు, అందరూ దాదాపు ఇవే మాటలంటారు, అందుకని ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: పట్టా మీద పేరుందంటే ఆ ఏడు ఆయన బతికే ఉన్నారు.

కాదండీ. సర్కారుకి కావల్సింది శిస్తు, కట్టేది కొడుకా మనవడా అనేది వాళ్ళకి పెద్దగా పట్టలేదు. అన్నదమ్ములు ఉమ్మడిగా ఉన్నన్నాళ్ళు చనిపోయిన తండ్రి పేరు మీదే ఏళ్ళ తరబడి కట్టేసుకుంటూ పోతారు, ఎప్పుడో వేరు పడ్డప్పుడు పేరు మారుస్తారు. అంటే పేరు మారిన ఏడాది చావు ఏడాది అని రాసుకోకండి, చాలాసార్లు అది వాటాలు పంచుకున్న ఏడాది. ఇంకోటి, ఆ లెక్కల్లో ఉండేది ఫసలీ, అంటే జూలైలో మొదలయ్యే శిస్తు సంవత్సరం, దానికి 590 కలపాలి, ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా.

అపోహ: కోర్టు కాగితంలో ఉంది కాబట్టి అదే నిజం.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. దావా కాగితానికి వెనక అతికించిన వంశవృక్షం చూడగానే జనం ఫోటో తీసుకొని ఫ్రేమ్ కట్టించేస్తారు, కానీ అది వాది తన వాటా కోసం గీయించుకున్న చెట్టు, అవతలివాళ్ళ జవాబులో ఇంకో చెట్టు ఉంటుంది, తీర్పులో జడ్జిగారు ఏది నమ్మారో ఎందుకు నమ్మారో చదవకుండా రెండిట్లో దేన్నీ తీసుకోకూడదు. ఒక కుటుంబం వాళ్ళ ముత్తాత దత్తుడే కాడు, ఊరికే పెంచుకున్న పిల్లాడు అని దాయాదులు వేసిన దావా చూసి ఏళ్ళ తరబడి కుమిలిపోయారు. నేను ఇనాం ఫెయిర్ రిజిస్టర్ తీయించా, ఇనాం అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన మాన్యం భూమి. 1858లో మద్రాసులో పెట్టిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి రాయించిన లెక్క అది, మొదట ఇనాం ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదటాయనకి ఏమవుతారు అన్నీ అందులో ఉంటాయి. అక్కడ ఆ పిల్లాడు ఎనిమిదేళ్ళవాడు, దత్తపుత్రుడు అని స్పష్టంగా ఉంది. దావా దాని తర్వాత ముప్పై ఏళ్ళకి వేసింది. తగాదా పుట్టకముందు, ఏ స్వార్థమూ లేనప్పుడు రాసిన మాటకి బరువెక్కువ, 1872 ఎవిడెన్స్ చట్టం 32వ సెక్షన్ కూడా చుట్టరికం గురించి చనిపోయినవాళ్ళు చెప్పిన మాట వివాదం రాకముందుదై ఉండాలనే అడిగింది. అందుకే నేను ఏ కాగితం తీసినా ముందు తేదీ చూస్తా, అప్పటికి ఇంట్లో గొడవ మొదలైందా లేదా అని.

అపోహ: మా ఊరు గుంటూరు జిల్లా, కాబట్టి గుంటూరు కట్టలే చూడాలి.

1859లో గుంటూరు జిల్లా రద్దయి కృష్ణాలో కలిసింది, మళ్ళీ విడిగా వచ్చింది 1904లో. 1870ల నాటి తెనాలి పక్క ఊరు కావాలంటే కృష్ణా కట్టలు తిరగేయాలి. చిత్తూరు 1911లో పుట్టింది, అంతకుముందు మదనపల్లె కడపలో, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో. ఈ ఒక్క పొరపాటుతో నెలలు పోగొట్టుకున్నవాళ్ళని చూశా.

అపోహ: పేరు కలిసింది, ఊరు కలిసింది, ఇంకేం, ఈయనే.

మనకి తాత పేరు మనవడికి పెట్టే అలవాటు. 1862 వెంకయ్య, 1905 వెంకయ్య ఒకడు కాదు, పైగా పెదనాన్న కొడుక్కీ చిన్నాన్న కొడుక్కీ అదే తాత పేరు ఉంటుంది కాబట్టి ఒకే ఊళ్ళో ఒకే కాలంలో ముగ్గురు వెంకయ్యలు దొరుకుతారు, ఇంగ్లీషు రికార్డులోనేమో ఇంటిపేరు ఒక్క అక్షరమైపోతుంది. తండ్రి పేరు, సర్వే నంబరు, హద్దులు ఈ మూడూ కలిస్తేనే నేను ఒప్పుకుంటా. తూర్పు హద్దు ఫలానావారి చేను అని ఉంటుంది చూడండి, ఆ పక్క చేను వాళ్ళే చాలాసార్లు దాయాదులు.

అపోహ: పాత రికార్డుల్లో ఆడవాళ్ళుండరు.

శిస్తు లెక్కల్లో తక్కువే, నిజం. కోర్టుకి రండి, మనోవర్తి దావాలు, దత్తత దావాలు, రివర్షనర్ దావాలు నిండా వాళ్ళే. 1956 దాకా వితంతువుకి భర్త ఆస్తి మీద పరిమిత హక్కే, ఆవిడ పోయాక ఆస్తి మాకు రావాలని భర్త తరఫు జ్ఞాతులు కోర్టుకెక్కేవాళ్ళు, రివర్షనర్ దావా అంటే అదే, నేనే దగ్గరివాడినని నిరూపించుకోడానికి నాలుగైదు తరాలు పైకి చెప్పుకుంటూ పోవాలి. నాకు దొరికిన పెద్ద చెట్లన్నీ ఇలాంటి దావాల్లోవే. 1876లో మొదలైన ఐ.ఎల్.ఆర్. (ఇండియన్ లా రిపోర్ట్స్) మద్రాస్ సంపుటాల్లో, అంటే హైకోర్టు తీర్పులు అచ్చేసిన పుస్తకాల్లో కూడా వెతకండి.

అపోహ: మాకు భూమి లేదు, మా పేర్లెక్కడుంటాయి.

నీరుగంట్లు, చాకళ్ళు, మంగళ్ళు, వెట్టివాళ్ళు, వీళ్ళకీ ఊరికి చేసే పనికి బదులుగా చిన్న చిన్న సర్వీస్ ఇనాములుండేవి, ఇనాం రిజిస్టర్లో పేరూ వయసూ ఉంటాయి. దావాల్లో సాక్షిగా వచ్చినవాళ్ళకి తండ్రి పేరు, వయసు, వృత్తి రాస్తారు. అది కూడా లేని కూలీ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళకి ఇంట్లో ముసలివాళ్ళ నోటిమాటే ఆధారం, అందుకే ఆ అవ్వ దగ్గర ముందు కూర్చోండి, ఆర్కైవ్స్ పదేళ్ళ తర్వాతా ఉంటుంది.

చివరగా, కరణం లెక్కలు అక్షరాలన్నీ కలిపి రాసే గొలుసుకట్టు రాతలో ఉంటాయి, తెలుగు చదవడం వచ్చినవాళ్ళకీ మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. కట్ట తీసి చూసి భయపడి వదిలేయకండి, పేజీ ఫోటో తీసుకొని మీ ఊరి పాత కరణాల ఇళ్ళల్లో చదవగలిగిన పెద్దాయన ఉన్నారేమో కనుక్కోండి, నేను నేర్చుకున్నదీ అలాంటి ఒకాయన పక్కన కూర్చునే.