చేత్తో స్టార్ట్ చేస్తే లేస్తుంది, బూట్‌లో లేవదు: డీఎన్ఎస్ సర్వర్ మీద అపోహలు

తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చిందంటే నాకు ఫోన్ తప్పదు. "సర్వర్ ఆన్‌లోనే ఉందన్నా, ఎవరికీ నెట్ రావట్లేదు." లాగిన్ అయి చూస్తే అన్‌బౌండ్ (వెబ్‌సైట్ల పేర్లకు ఐపీ అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఫెయిలై ఉంటుంది. చేత్తో స్టార్ట్ చేయగానే లేస్తుంది. మళ్లీ రీబూట్ చేస్తే అదే కథ.

అపోహ: ఇన్‌స్టలేషన్ పాడైంది, తీసేసి మళ్లీ వేయాలి.

వాస్తవం: చేత్తో లేచిందంటే ఇన్‌స్టలేషన్, కాన్ఫిగ్ రెండూ బాగున్నట్టే. దయచేసి ఏదీ తీసేయకండి. ఒక ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఎవరో చెప్పిన ఈ మాట నమ్మి, ఒకే రాత్రి మూడుసార్లు ఓఎస్ వేశాడు. లోకల్ పేర్లన్నీ రాసిపెట్టుకున్న ఫైలు కూడా పోయింది. ఫోన్‌లో అతని గొంతు వణుకుతోంది. ఈ బూట్ తాలూకు జర్నల్ (సిస్టమ్ లాగ్) తెరిపించాను. ఒకే లైను: "క్యానాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్", పక్కన 192.168.1.10, పోర్ట్ 53. ఆ ఐపీ ఇంకా నెట్‌వర్క్ కార్డుకు రాకముందే అన్‌బౌండ్ దాన్ని అడిగింది. అంతే జబ్బు.

అపోహ: యూనిట్ ఫైల్‌లో (లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ, ఏది ఎప్పుడు మొదలెట్టాలో చూసుకునే ఫైలు) "ఆఫ్టర్" అని నెట్‌వర్క్ టార్గెట్ ఉందిగా, ఐపీ వచ్చాకే లేస్తుంది.

వాస్తవం: అందరినీ ముంచేది ఇదే. నెట్‌వర్క్ టార్గెట్ అంటే నెట్‌వర్క్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మొదలైందని మాత్రమే, ఐపీ వచ్చిందని కాదు. మనకు కావాల్సింది నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్. దాన్ని "ఆఫ్టర్"లో రాస్తే వరస మాత్రమే కుదురుతుంది, "వాంట్స్"లో కూడా రాస్తేనే అది అసలు మొదలవుతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ వాడేవాళ్లు దాని వెయిట్-ఆన్‌లైన్ సర్వీసు (నెట్‌వర్క్ వచ్చేదాకా ఎదురుచూసేది) ఎనేబుల్ అయి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇదీ ఒక్కోసారి చాలదు. కరెంటు వచ్చాక స్విచ్ సర్వర్ కంటే నెమ్మదిగా లేస్తే, ఎదురుచూసే గడువు తీరిపోతుంది, అన్‌బౌండ్ మళ్లీ ఐపీ లేకుండానే మొదలవుతుంది. అందుకే నేను అన్‌బౌండ్ కాన్ఫిగ్‌లో "ip-freebind: yes" అని కూడా పెడతాను. ఐపీ తర్వాత వచ్చినా ముందే పోర్టు పట్టుకుని కూర్చుంటుంది.

అపోహ: అదే రీస్టార్ట్ అవుతుందిలే. వాస్తవం: సిస్టమ్‌డీ డీఫాల్ట్ లెక్కలో 10 సెకన్లలో 5 సార్లకు మించి స్టార్ట్ కానివ్వదు. ఫెయిలవగానే రీస్టార్ట్ అయితే ఆ 5 సార్లూ సెకనులోనే అయిపోతాయి.

అపోహ: ఫైళ్లకు 777 పర్మిషన్ (అందరికీ అన్ని అనుమతులు) ఇస్తే సమస్య పోతుంది. వాస్తవం: పోదు, కొత్త ప్రమాదం వస్తుంది.

లాగ్‌లో "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" ఉంటే మాత్రం అది వేరే సమస్య. పోర్ట్ 53ని ఇంకెవరో పట్టుకున్నారు. ఉబుంటులో అయితే ముందు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌ను (ఉబుంటుతో పాటే వచ్చే డీఎన్ఎస్ సర్వీసు) చూడండి.

సరిచేశాక ఊరికే రీబూట్ చేసి వదిలేయకండి. మెషీన్ దగ్గర ఉండి, కేబుల్ పీకి రీబూట్ చేయండి, 3 నిమిషాలాగి కేబుల్ పెట్టండి. ఆ కుర్రాడితో అలాగే చేయించాను. పక్క సిస్టమ్‌లో డిగ్ (డీఎన్ఎస్‌ను అడిగి చూసే కమాండ్) కొట్టగానే జవాబు వచ్చింది. "వచ్చిందన్నా" అన్నాడు. ఈసారి గొంతు వణకలేదు.