ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది

చైనా డ్రామాలు చూసే తెలుగువాళ్ల నోట ఒక ఫిర్యాదు తరచూ వినబడుతుంది. సెట్టింగులు అదిరిపోతాయి, బట్టలు, నగలు చూడముచ్చటగా ఉంటాయి, హీరోయిన్ మాత్రం బొమ్మలా ఉంటుంది అని. ఆవిడ బుగ్గల మీద నీళ్లు కారుతున్నా మన గొంతులో ముద్ద అడ్డుపడదు. కొరియా డ్రామా చూసిన వెంటనే ఇది పెడితే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ తప్పంతా ఆ నటి నెత్తిన రుద్దడం అన్యాయం. చాలా డ్రామాల్లో మనం చూసే మనిషి వేరు, వినే మనిషి వేరు. తెలుగులోకి, హిందీలోకి చేసిన డబ్బింగ్ సంగతి కాదు నేను చెప్పేది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని వింటున్న ఆ అసలు మాండరిన్ (చైనా ప్రామాణిక భాష) గొంతే డబ్బింగ్ గొంతు.

మనకిది తెలియని వ్యవహారమేం కాదు. రాజశేఖర్ అనగానే చెవిలో మోగేది సాయికుమార్ గొంతు. సమంత తొలి సినిమాల్లో విన్నది చిన్మయిని. నంది అవార్డుల్లో డబ్బింగ్ ఆర్టిస్టులకి విడిగా బహుమతులే ఉండేవి. అయితే మన దగ్గర ఇది ఎక్కువగా తెలుగు రాని హీరోయిన్ల కోసం పుట్టిన ఏర్పాటు. చైనాలో చైనావాళ్లకే చైనా భాషలో ఇంకొకరు మాట్లాడతారు. ఆ అలవాటు ఎలా పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

చైనాలో మొదటి టీవీ నాటకం 1958 జూన్ 15న బీజింగ్‌లో ప్రసారమైంది. అంతా లైవ్. వేసినవాళ్లు రేడియో నాటకాల బృందం వాళ్లు, అంటే గొంతుతోనే బతికినవాళ్లు. డబ్బింగ్‌కి అక్కడ చోటెక్కడిది! డబ్బింగ్ పెరిగింది పక్కనున్న సినిమా రంగంలో. 1949లో చాంగ్‌చున్ స్టూడియో ఒక సోవియట్ సినిమాకి చైనా మాటలు పెట్టింది. 1957లో షాంఘైలో ఇదే పనికి ప్రత్యేకంగా స్టూడియో వెలిసింది. 1955లో మన రాజ్ కపూర్ ‘ఆవారా’ కూడా అక్కడ చైనా భాషలోనే ఆడింది. మావో కాలం నాటి సాంస్కృతిక విప్లవం (1966–76) ముగిసి విదేశీ సినిమాలు మళ్లీ హాళ్లలోకి వచ్చేసరికి ఈ గొంతులకి స్టార్ల స్థాయి అభిమానం దక్కింది. 1983లో హాంకాంగ్ సీరియల్ ‘హువో యువాన్‌జియా’ చైనా టీవీలోకి వచ్చింది. అదేమో హాంకాంగ్ వాళ్లు మాట్లాడే కాంటోనీస్‌లో తీసినది, జనం చూసింది మాండరిన్‌లో. పెదవులు ఒకటి పలికి చెవికి ఇంకొకటి వినబడటం అప్పటికే మామూలైపోయింది.

నా దృష్టిలో అసలు మలుపు, చైనావాళ్ల ప్రసిద్ధ పాత నవల ఆధారంగా 1987లో వచ్చిన 36 భాగాల ‘ఎర్ర మేడ కల’. దర్శకుడు వాంగ్ ఫులిన్ పేరున్న నటుల జోలికి పోకుండా, పాత్రకి తగ్గ ముఖాల కోసం దేశమంతా గాలించాడు. దొరికిన కుర్రవాళ్లని, అమ్మాయిల్ని 1984లో బీజింగ్‌లోని పాత వేసవి ప్రాసాదం దగ్గర శిక్షణకి కూర్చోబెట్టాడు. నవల చదివించడం, నడక, కూర్చునే తీరు, అన్నీ నేర్పించారు. యాస మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. అందుకని గొంతులు తర్వాత డబ్బింగ్ వాళ్లు ఇచ్చారు. డ్రామా అద్భుతంగా వచ్చింది, ఇప్పటికీ దాన్ని దాటింది లేదనేవాళ్లున్నారు. కానీ నిర్మాతలు అందులోంచి ఏరుకున్నది ఆ శిక్షణని కాదు, ‘ముందు ముఖం చూసి తీసుకుందాం, గొంతు సంగతి తర్వాత చూసుకోవచ్చు’ అనే సులువుని.

దీనికి చట్టం తోడైంది. ప్రామాణిక భాషే ప్రసారాలకి ఆధారంగా ఉండాలన్న చట్టం 2001 జనవరి 1న అమల్లోకి వచ్చింది. టీవీ డ్రామాల్లో మాండలికాలు తగ్గించమని 2005లో మరో ఆదేశం. తైవాన్ హీరో, హాంకాంగ్ విలన్, సిచువాన్ నుంచి వచ్చిన చెలికత్తె ఒకే అంతఃపురంలో ఉంటే అందరి చేతా ఒకే ఉచ్చారణ పలికించడానికి దగ్గరి దారి డబ్బింగే.

ఇక డ్రామాల షూటింగులకి పేరుపడ్డ హెంగ్‌డియన్. జెజియాంగ్ రాష్ట్రంలోని ఈ ఊళ్లో 1996లో ‘నల్లమందు యుద్ధం’ సినిమా కోసం పాత కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) నగరం వీధుల్ని సెట్టుగా కట్టారు. (మన రామోజీ ఫిల్మ్ సిటీ మొదలైందీ ఆ ఏడాదే.) తర్వాత బీజింగ్ రాజప్రాసాదం నమూనా కూడా లేచింది. ఒకేసారి ఎన్నో యూనిట్లు షూటింగ్‌లో ఉంటాయి, టికెట్ కొన్న పర్యాటకులు తిరుగుతుంటారు. ఈ ప్రాంగణంలో రాణిగారు కన్నుమూస్తుంటే పక్క ప్రాంగణంలో కత్తియుద్ధం. ఆ గోలలో పనికొచ్చే సౌండ్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే మాటలతో పాటు అడుగుల చప్పుడు, పట్టు గౌన్ల గరగర కూడా స్టూడియోలోనే తయారవుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఇట్టే దొరికిపోతుంది: మంచు మైదానంలో అరిచినా, పడగ్గదిలో గుసగుసలాడినా గొంతు ఒకే మూసిన గదిలోంచి వస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఉండదు. బొమ్మలా ఉందని మనం అనుకునే దాంట్లో సగం ఇదే.

ఇంకో కారణం సెన్సార్. ప్రసారానికి ముందు అధికారులు అభ్యంతరం చెబితే మళ్లీ షూట్ చేయడం కన్నా డైలాగు మార్చి పలికించడం చవక. నటి వీపు మీద, తలకట్టు మీద కెమెరా ఉన్నప్పుడు కథలోని కీలకమైన విషయం ఎవరో అప్పజెప్పినట్టు వినబడితే, అది తర్వాత అతికించింది కావచ్చు. కథ సాగదీయడానికీ ఈ వెసులుబాటు పనికొచ్చింది. అమ్మకం ఎపిసోడ్ లెక్కన కాబట్టి ఎన్ని భాగాలైతే అంత డబ్బు. ఒక్కో డ్రామా 40 భాగాలు దాటకూడదని 2020లో అధికారులే కట్టడి చేయాల్సి వచ్చింది.

అలాగని డబ్బింగ్ అంటేనే చెత్త అనలేం. 2011 నాటి 76 భాగాల ‘జెన్ హువాన్ కథ’ చూడండి. తెరమీద జెన్ హువాన్‌గా సున్ లీ, గొంతు జీ గ్వాన్‌లిన్‌ది. అంతఃపురంలో అడుగుపెట్టేటప్పుడు ఆ గొంతు తేలిగ్గా, కాస్త పైస్థాయిలో ఉంటుంది. చక్రవర్తి తనలో చూసుకుంటున్నది ఎప్పుడో చనిపోయిన పట్టపురాణిని అని జెన్ హువాన్‌కి తెలిశాక ఆ తేలికదనం పోతుంది. చివరికి రాజమాతగా కూర్చునేసరికి ఒక్కో మాటా తూకం వేసినట్టు, కింది స్థాయిలో, తొందర లేకుండా వస్తుంది. కళ్లు చేసే పనికి గొంతు ఎక్కడా అడ్డు రాదు. ఈ పాత్రకి 2013లో సున్ లీ ఇంటర్నేషనల్ ఎమ్మీ ఉత్తమ నటి నామినేషన్ అందుకుంది. గొంతిచ్చిన మనిషికి అందులో వాటా ఎంత? నన్నడిగితే సగానికి తక్కువ కాదు.

దీనికి ఎదురుగా 2015 ‘లాంగ్యా బాంగ్’ పెట్టి చూడాలి. ఇంగ్లీషులో ‘నిర్వాణ ఇన్ ఫైర్’గా మనవాళ్లకి తెలిసిన డ్రామా. అందులో జబ్బు మనిషిగా, వ్యూహకర్తగా వేసిన నటుడు హు గ సొంత గొంతుతోనే మాట్లాడాడు. వాక్యం చివర శక్తి చాలక మాట సన్నబడుతుంది. ఎంత మంచి డబ్బింగ్ ఆర్టిస్టయినా ఆ అలసటని స్టూడియోలో నిలబడి తేవడం కష్టం.

తర్వాత గాలి కొంచెం మళ్లింది. 2017లో జెజియాంగ్ టీవీ, 2018లో హునాన్ టీవీ నటుల పనితనాన్ని స్టేజి మీద పరీక్షించే షోలు పెట్టాయి. హునాన్ షోలో నటులు మైకు ముందు నిలబడి డబ్బింగ్ చెప్పాలి. కొందరు సెట్లో డైలాగుకి బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదువుతారన్న ఆరోపణ అప్పటికే జనం నోళ్లలో నానుతోంది మరి. ఇప్పుడు సొంత గొంతు అనేది పబ్లిసిటీలో చెప్పుకునే గొప్ప. అయితే ముఖం చూసి తీసుకున్న వాళ్లు సొంతంగా మాట్లాడితే కొన్నిసార్లు డబ్బింగే నయమనిపిస్తుంది. నేటి కాలం కథల్లో ఈ మార్పు కాస్త కనబడుతోంది. పట్టు బట్టల కథల్లో మాత్రం చాలావరకు పాత పద్ధతే నడుస్తోంది. హెంగ్‌డియన్‌లో రద్దీ తగ్గలేదు, సెన్సార్ తగ్గలేదు, ముఖం చూసి తీసుకునే అలవాటు అసలే తగ్గలేదు.